గట్టు మీద ఒకటో నంబరు

పది గంటల ఇరవై నిమిషాలకు నేను పడవల షెడ్డులో అడుగు పెట్టేసరికి నా చేతిలో ఉన్నది సరిగ్గా నలభై నిమిషాలు. పదకొండింటికి నా మేనకోడల్ని జీపెక్కిస్తానని ఇన్‌స్పెక్టర్ ఫోన్లోనే చెప్పాడు. ఆయన అన్నాడంటే చేస్తాడు. ఏ కేసైనా మధ్యాహ్నం భోజనానికి ముందే మూసేస్తాడని స్టేషన్లో పేరు. ఆయనకు ఆకలి పెరిగే కొద్దీ అనుమానితుల సంఖ్య తగ్గుతూ వస్తుంది. ఆ ఉదయం అది అప్పటికే ఒకటికి దిగింది.

ఆ ఇన్‌స్పెక్టర్ నాకు తోడల్లుడు. నేను ముప్పై ఏళ్లు తాళ్లు, డ్రమ్ములు, ప్లాస్టిక్ తొట్లు అమ్మి, కొట్టు మూసేసి, ప్రైవేటు డిటెక్టివ్‌నని బోర్డు తగిలించినప్పుడు కడుపుబ్బ నవ్వినవాళ్లలో ఆయనే మొదటివాడు. తర్వాత రెండు కేసుల్లో నేను చెప్పిందే నిజమని తేలింది. అప్పట్నుంచి మా ఇంటికి వచ్చినా కాఫీ తాగడు.

"రండి అన్నయ్యా," అన్నాడు టోపీ సర్దుకుంటూ. "తక్కెడ తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నాను తమ్ముడూ. నీ కేసు బాగా తేలిగ్గా ఉందని విన్నాను. చిన్న తక్కెడే సరిపోతుంది."

నా మేనకోడలు ఓ మూల బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని ఉంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. సముద్రంలో కయాక్, అంటే సన్నటి తెడ్డు పడవ, నడపడం నేర్పే ఈ బడిలో నాలుగేళ్లుగా పంతులమ్మ. బడి యజమానిని అందరూ కెప్టెన్ అంటారు. ఆయన ఎన్నడూ ఓడ నడిపిన పాపాన పోలేదు. ఆ పేరు ఆయనే పెట్టుకుని, ఆయనే అలవాటు చేశాడు. కానీ పద్దెనిమిదేళ్లలో ఒక్క విద్యార్థికి కాలి గోరు కూడా ఊడకుండా రాళ్ల తీరంలో పడవలు నడిపించాడు. ఆ కెప్టెనే ఈ ఉదయం నుంచి లేడు.

"మావయ్యా, నేనేం చెయ్యలేదు," అంది మేనకోడలు.

"తెలుసు. చేసుంటే ఇంత సులువుగా దొరకవు. మీ అమ్మ పెంపకం అలాంటిది కాదు."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని తన కేసు విప్పాడు. "ఆరూ పదికి కెప్టెన్ పసుపు పడవలో ఒంటరిగా బయల్దేరాడు. ఎనిమిదికి తిరిగొస్తానని రాసిపెట్టాడు. రాలేదు. ఎనిమిదీ ముప్పై అయిదుకి ఈ అమ్మాయే వెళ్లి మూడు పళ్ల దగ్గర పడవ కనిపెట్టింది. ఖాళీ పడవ, పక్కన కన్నం, వెనక అరకి మూత లేదు. లైఫ్ జాకెట్ రాళ్ల మధ్య దొరికింది. మూత లేకపోతే అరలోకి నీళ్లు చేరతాయి, పడవ మునుగుతుంది, మనిషి పోతాడు. బయల్దేరే ముందు మూతలు చూసినట్టు చెక్ పేపర్ మీద సంతకం ఎవరిది? ఈవిడది. నిన్న సాయంత్రం ఆరుగురు విద్యార్థుల ముందు, 'మిమ్మల్ని ఆ రాళ్ల మీదే వదిలేసి వస్తాను' అని కెప్టెన్ని బెదిరించింది ఎవరు? ఈవిడే. అయిపోయింది."

మూడు పళ్లంటే కొండ కొసకి ఎదురుగా నీళ్లలోంచి పొడుచుకొచ్చిన మూడు రాళ్లు.

"అన్నావా?" అని మేనకోడల్ని అడిగాను.

"అన్నాను. హెల్మెట్ పట్టీ బిగించుకోలేదని నన్ను చిన్నపిల్లలా అందరి ముందూ నిలబెట్టి ఇరవై నిమిషాలు క్లాసు పీకాడు. గట్టు మీదున్నాను మావయ్యా! నేలమీద! అన్నం తింటున్నాను!"

"అన్నం తినేటప్పుడు హెల్మెట్ ఎందుకు పెట్టుకున్నావు?"

"తియ్యమని ఆయన చెప్పలేదు కాబట్టి."

పది ఇరవై ఎనిమిది. బయట మెట్ల మీద కూర్చున్న కెప్టెన్ భార్య దగ్గరికి వెళ్లాను. బడి లెక్కాపత్రం, హాజరు, వంట అన్నీ ఆవిడే చూస్తుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కానీ ఆ ఎరుపులో ఏడుపు పాలెంత, కోపం పాలెంత అని చూస్తే నాకు కోపం వైపే మొగ్గు కనిపించింది.

"వదిన గారూ, ఈ పొద్దున ఇంట్లో ఏమన్నా తేడాగా అనిపించిందా?"

"నా దిండు లేదు."

"దిండా?"

"మెడ నొప్పికి డాక్టరు చెప్పి కొనిపించిన దిండు. ఏడింటికి పక్క సర్దుదామని పైకి వెళ్తే ఆయనదీ లేదు, నాదీ లేదు. ఫ్లాస్కు లేదు. బీపీ బిళ్లల అట్ట లేదు. పొద్దున్నే సముద్రం మీద రెండు గంటలు తిరిగొచ్చేవాడికి రెండు దిండ్లెందుకండీ?"

"ఇది ఇన్‌స్పెక్టర్ గారికి చెప్పారా?"

"చెప్పాను. 'ఏడవకండమ్మా, దిండు మళ్లీ కొనుక్కోవచ్చు' అన్నారు."

ఆవిడ్ని ఇంకో ప్రశ్న అడిగాను. ఏడింటి నుంచి ఎవరు ఎక్కడున్నారు? ఏడు నుంచి ఏడూ నలభై అయిదు దాకా ఆవిడ మేడమీద వంటలో ఉంది. మేనకోడలు ఏడు నుంచి ఎనిమిది దాకా అవతల ఇసుక ఒడ్డున ఆరుగురికి పాఠం చెబుతోంది. అంటే ఆ ముప్పావు గంటా షెడ్డులో నరమానవుడు లేడు. ఇది మనసులో ఒక పక్కన పెట్టుకున్నాను.

పది ముప్పై అయిదుకి పడవ మీద వంగాను. పదహారడుగుల పసుపు కయాక్, చెక్క గుర్రాల మీద పడుకోబెట్టి ఉంది. తొట్లూ డ్రమ్ములూ అమ్మినవాడికి ఇలాంటి సరుకు కొత్త కాదు. దిగుమతి లారీలో పగిలిన తొట్టికీ, ఇంట్లో కోపంతో పగలగొట్టి తెచ్చి మార్చమన్న తొట్టికీ తేడా కనిపెట్టడం మీదే నా వ్యాపారం నడిచింది.

"తమ్ముడూ, ఇలా రా. ఈ కన్నంలో వేలు పెట్టు."

"ఎందుకు?"

"పెట్టవయ్యా. బయటి నుంచి లోపలికి పోనిస్తూ ఉండు. ఏమన్నా గుచ్చుకుందా?"

"లేదు."

"ఇప్పుడు వెనక్కి లాగు."

లాగాడు. "అబ్బా!" అని వేలు నోట్లో పెట్టుకున్నాడు. కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

"ఇప్పుడు గుచ్చుకున్నదేమిటంటే బయటికి విచ్చుకున్న అంచు. రాయి కొడితే అంచులు లోపలికి పోతాయి. ఇవన్నీ బయటికి తిరిగి ఉన్నాయి. అంటే దెబ్బ లోపల్నుంచి పడింది. సముద్రం పడవలో కాళ్లు జాపుకుని కూర్చుని సుత్తితో కొట్టిందా?"

"అలలు ఎటుపడితే అటు కొడతాయి అన్నయ్యా. మీకు సముద్రం గురించి ఏం తెలుసు?"

"ఏం తెలీదు. అందుకే వస్తువు వైపే చూస్తాను." వెనక అరలో చెయ్యి పెట్టాను. మూలన నీళ్లు పీల్చే స్పాంజి ముక్క తగిలింది. బయటికి తీసి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టాను. వారం కింద కొన్న రొట్టెలా గట్టిగా, పొడిగా ఉంది. "ఈ అరలోకి నీళ్లు చేరి పడవ మునిగిందన్నావు. నీళ్లు చేరితే ముందు తాగాల్సింది ఇదే. గొంతు తడుపుకోలేదు పాపం."

ఇన్‌స్పెక్టర్ స్పాంజిని పిండి చూశాడు. పొడి రాలింది.

"లైఫ్ జాకెట్ ఎక్కడ?"

కానిస్టేబుల్ చూపించాడు. మూడు బకిళ్లూ పెట్టి ఉన్నాయి.

"మనిషి అందులోంచి జారిపోయాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, నేను అడగకముందే.

మేనకోడలు మూలనుంచి అందుకుంది. "చిన్న మావయ్యా, కెప్టెన్ జాకెట్‌లోంచి కెప్టెనే రాలేడు. అంత బిగిస్తాడు. బకిళ్లు తీస్తేనే..."

"డ్యూటీలో ఉండగా నేనెవరికీ చిన్న మావయ్యను కాను!"

"సరే సార్. బకిళ్లు తీస్తేనే వస్తుంది సార్. విప్పాక మళ్లీ పెట్టాలి, పెట్టాక తగిలించాలి, అది బడి రూలు సార్. ఆయన నిద్రలో కూడా అలాగే చేస్తాడు సార్."

పడవ, స్పాంజి, జాకెట్ మూడూ ఒకే మాట చెబుతున్నాయి. కానీ మూడూ నోరులేని సాక్షులు. నా తోడల్లుడు వాటిని జీపెక్కించలేడు కాబట్టి నమ్మడు. పది నలభై నాలుగు అయింది. మనిషి తిరిగొచ్చాడని తేల్చే ముక్క ఒకటి కావాలి.

అది తలుపు పక్కనే గోడకి వేలాడుతోంది. రెండు వరసల మేకుల బోర్డు. పై వరస మీద 'నీళ్ల మీద', కింది వరస మీద 'గట్టు మీద' అని రాసి ఉంది. మనిషికో నంబరు, నంబరుకో ఇత్తడి బిళ్ల, బిళ్లకో తాడు. నీళ్లలోకి వెళ్లేవాడు తన బిళ్లని పై వరసకి మార్చాలి. తిరిగొచ్చాక గుక్కెడు నీళ్లు తాగేముందే కింది వరసకి మార్చాలి. సాయంత్రం పై వరసలో బిళ్ల మిగిలిందంటే సముద్రంలో మనిషి మిగిలాడని. ఒకటో నంబరు కెప్టెన్‌ది.

ఒకటో నంబరు గట్టు మీద వేలాడుతోంది.

"అది నేనూ చూశాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పొద్దున వెళ్లేటప్పుడు మార్చడం మర్చిపోయాడు. మనిషన్నాక మరుపుంటుంది."

"వదిన గారూ!" అని కేకేశాను. "పొద్దున మీరు హాజరు రాసిన కాగితం ఉందా?"

తెచ్చింది. రోజూ ఆరున్నరకి బోర్డు ముందు నిలబడి ఒక్కో నంబరూ పైకి చదివి రాయడం ఆవిడ పని. మొదటి గీతలోనే ఉంది: ఆరున్నర, ఒకటో నంబరు, నీళ్ల మీద.

"ఆరున్నరకి పైన ఉన్న బిళ్ల, తొమ్మిదింపావుకి నువ్వొచ్చి షెడ్డుకి సీలు వేసేసరికి కిందికెలా వచ్చింది తమ్ముడూ?"

"ఎవరో మార్చారు. ఈ అమ్మాయే మార్చిందేమో."

"ఇంకొకరి బిళ్ల ముట్టుకుంటే ఆయన నెల్లాళ్లు మాట్లాడడండీ," అంది కెప్టెన్ భార్య. "పెళ్లయిన కొత్తల్లో నేనోసారి ముట్టుకున్నాను. నెల్లాళ్లూ హాయిగా ఉండింది. అయినా మళ్లీ ముట్టుకోలేదు."

నేను తాడు చూశాను. మిగతా బిళ్లలన్నీ మేకుకి ఊరికే తగిలించి ఉన్నాయి. ఒకటో నంబరు తాడు మాత్రం మేకు చుట్టూ రెండు చుట్లు తిరిగి, కొస లోపలికి దోపి ఉంది. తాళ్లు అమ్మినవాణ్ణి. ఒకరు కట్టినట్టు ఇంకొకరు కట్టరు.

"ఇలా రెండు చుట్లు వేసేది ఎవరు?"

"ఆయనొక్కడే," అన్నారు ఆడవాళ్లిద్దరూ ఒకేసారి.

"ఇక వినండి. దిండ్లూ ఫ్లాస్కూ ముందే ఎక్కడో దాచిపెట్టి, ఆరూ పదికి బయల్దేరాడు. ఆరూ నలభైకి మూడు పళ్ల దగ్గర రాళ్ల మీదికి పడవ ఎక్కించి, మూత విప్పి, లోపల్నుంచి కన్నం పొడిచి, జాకెట్ విప్పి, బకిళ్లు పెట్టి, విసిరేశాడు. ఆరూ యాభైకి సముద్రం బాగా వెనక్కి తగ్గింది. అప్పుడు రాళ్ల మీంచి నడిచి రావచ్చా?"

"అరగంట పడుతుంది," అంది మేనకోడలు. ఆమె కళ్లు పెద్దవవుతున్నాయి.

"ఏడూ ఇరవై అయిదుకి ఎవరూ లేని షెడ్డులోకి వచ్చాడు. తలుపు దాటగానే, చచ్చిపోయిన మనిషిననే సంగతి మర్చిపోయి, పద్దెనిమిదేళ్ల అలవాటు కొద్దీ బిళ్ల మార్చేశాడు."

కానిస్టేబుల్, "అయ్యో," అన్నాడు.

"బతికే ఉంటే ఎందుకు దాక్కుంటాడు?" ఇన్‌స్పెక్టర్ గొంతు లేచింది. "ఏ మగాడైనా ఊరికే చచ్చిపోతాడా? కారణం చూపించండి!"

కారణం ఆయన మోచేతి కిందే ఉంది. కెప్టెన్ బల్ల మీద లావుపాటి ఫైలు. రేవు ఆఫీసుకి రాసిన నలభై ఒక్క ఉత్తరాల నకళ్లు. అన్నిట్లోనూ ఒకటే కోరిక: మూడు పళ్ల దగ్గర నీళ్ల కింద దాక్కున్న రాళ్లకి గుర్తు స్తంభాలు పాతండి. అన్నిటికీ పైన, నాలుగు రోజుల కిందట వచ్చిన ఒకే ఒక్క జవాబు. నేను పైకి చదివాను. "సదరు ప్రదేశంలో ఇంతవరకు ప్రాణనష్టమేదీ నమోదు కానందున స్తంభాల అవసరం లేదని తెలియజేయడమైనది."

కెప్టెన్ భార్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "నమోదు చేయించడానికి వెళ్లాడు! ఓరి దేవుడో, ప్రాణనష్టం నమోదు చేయించడానికి నా దిండు పట్టుకుని వెళ్లాడు!"

"వాళ్లు స్తంభాలు పాతేదాకా దాక్కుందామనుకున్నాడా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "రేవు ఆఫీసు వేగానికి పదేళ్లు పడుతుంది."

"ఒక రోజు అనుకుని ఉంటాడు. పేపర్లో పడేదాకా. ఆ నేరం ఇంకొకరి మెడకి చుట్టుకుంటుందని లెక్కలో వేసుకోలేదు."

మేనకోడలు అప్పటికే షెడ్డు వెనక్కి పరిగెత్తింది. అక్కడ టార్పాలిన్ కింద పనికిరాదని పక్కన పడేసిన పాత ఆకుపచ్చ పడవ ఉండాలి. టార్పాలిన్ నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి నీటుగా ఉంది. కింద పడవ లేదు.

"గుహ!" అంది. "మూడు పళ్ల వెనకాల కొండ అడుగున గుహ ఉంది. లోపల ఎత్తుగా ఒక అరుగుంటుంది. నీళ్ల మీంచి తప్ప దారి లేదు. గట్టు మీంచి కనపడదు. ఖాయంగా అక్కడే..."

మాట మధ్యలో ఆగింది. గోడమీది రేడియో పది యాభై అయిదు వాతావరణం చదువుతోంది. దూరాన ఎక్కడో లేచిన తుఫాను అలలు మధ్యాహ్నానికి తీరం తాకుతాయి, ఎత్తు రెండున్నర మీటర్లు, చిన్న పడవలు బయటికి రావద్దు.

"పోటు ఎన్నింటికి?" అన్నాను.

"ఒంటిగంటకి. ఈ రోజు అమావాస్య, పోటు పెద్దది. దాని మీద ఈ అలలు. అరుగు మునిగిపోతుంది మావయ్యా. ఆయన దగ్గర రేడియో కూడా లేదు. పోయిన మనిషి రేడియో పట్టుకుపోడు కదా, పసుపు పడవలోనే వదిలేశాడు."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే రేవు ఆఫీసుకి ఫోన్ కలిపాడు. మనిషి మొండివాడే కానీ మనసు మంచిది. "రెస్క్యూ లాంచీ కావాలి. మూడు పళ్ల వెనక గుహ. ప్రాణాపాయం... ఏంటి?... మళ్లీ చెప్పండి." ఆయన మొహం మెల్లగా రంగు మారింది. ఫోన్ పెట్టేశాడు.

"ఏమన్నారు?"

"లాంచీ లోపలికి రాదట."

"ఎందుకు?"

"అక్కడ నీళ్ల కింద రాళ్లున్నాయట. గుర్తు స్తంభాలు లేవట."

ఎవరూ నవ్వలేదు.

"నేను వెళ్తాను," అంది మేనకోడలు. "నాకు ఆ రాళ్లన్నీ తెలుసు. రెండు సీట్ల పడవ తీసుకుంటాను."

"నువ్వు నా కస్టడీలో ఉన్నావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నన్ను పంపకపోతే ఈసారి ఆయన నిజంగానే పోతాడు సార్. అప్పుడు మీ కేసు మీరే నిజం చేసినట్టవుతుంది."

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడి నడుము బెల్టు విప్పి కానిస్టేబుల్ చేతిలో పెట్టాడు. "కస్టడీలో ఉన్నవాళ్లు ఎక్కడికెళ్తే నేనూ అక్కడికే. ముందు సీటు నాది."

"తమ్ముడూ, నీకు ఈత రాదు."

"మీకు సముద్రం తెలీదు, నాకు ఈత రాదు. అయినా ఎవరి పని వాళ్లు చేస్తున్నాం కదా అన్నయ్యా."

ఆయన ఒంటికి సరిపడే జాకెట్ కోసం మూడు మార్చారు. నాలుగోది పట్టింది. మేనకోడలు బకిళ్లు లాగి, భుజాల దగ్గర పట్టుకుని పైకెత్తి చూసింది. జాకెట్ లేవలేదు, ఇన్‌స్పెక్టర్ లేచాడు. మెడలో విజిల్ వేసింది. కూర్చున్నాక నడుము చుట్టూ నీళ్లు రాకుండా తొడుగు బిగించి, దాని లాగుడు పట్టీ బయటికి తీసి ఆయన చేతికి తాకించింది.

"బోల్తా పడితే కంగారు పడొద్దు సార్. ఈ పట్టీ ముందుకి లాగితే బయటికొస్తారు. అల మీదికొస్తే అల వైపే వంగాలి, రాయి వైపు కాదు. నీళ్లలో పడితే పడవకి సముద్రం వైపున ఉండాలి. పడవకీ రాయికీ మధ్యలోకి మాత్రం ఛస్తే వెళ్లొద్దు. ఇప్పుడు మీరు చెప్పండి."

"అల వైపు వంగాలి. మధ్యలోకి వెళ్లకూడదు." బడిపిల్లాడిలా అప్పజెప్పి, చిన్నగొంతుతో అడిగాడు. "ఛస్తే అన్నావు, అది రూల్లో ఉందా, నువ్వు కలిపావా?"

పదకొండూ ఇరవైకి పడవ నీళ్లు తాకింది. నాకు మేనకోడలు వాకీటాకీ ఇచ్చింది. "కొండ కొసకి వెళ్లు మావయ్యా. సరిగ్గా గుహ నెత్తి మీద ఉంటావు. కింద నుంచి నాకు మొదటి అల తప్ప కనపడదు. నీకు సముద్రం మొత్తం కనపడుతుంది. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, వెళ్లాక కాసేపు చిన్నవి వస్తాయి. ఆ చిన్నవి ఎన్ని వస్తున్నాయో లెక్కపెట్టి చెప్పు. లెక్క నీది."

పదకొండూ నలభై రెండుకి కొండ కొసన పొట్ట నేలకానించి పడుకుని ఉన్నాను. కింద మూడు పళ్లు తెల్లగా నురగ కక్కుతున్నాయి. పెద్ద గుంపు వెళ్లింది. చిన్నవి పన్నెండు లెక్కపెట్టాను. మళ్లీ పెద్దవి. ఈసారి చిన్నవి తొమ్మిదే వచ్చాయి. వాళ్ల పడవ రాళ్లకి దూరంగా, ముక్కు అలలకేసి పెట్టుకుని ఊగుతూ ఆగి ఉంది. ముందు సీట్లో మా తోడల్లుడు బిగుసుకుపోయి కూర్చున్నాడు.

అప్పుడు గుహ నోట్లోంచి పాత ఆకుపచ్చ పడవ బయటికొచ్చింది. బోర్లా పడి ఉంది. ఖాళీగా ఉంది.

"చూశావా?" అన్నాను రేడియోలో.

"చూశాను. లెక్క చెప్పు మావయ్యా."

పెద్దవి నాలుగు వెళ్లాయి. "ఇప్పుడు!" అన్నాను. పడవ వెనకడుగు వేసుకుంటూ, ముక్కు అలలకేసే ఉంచి, గుహలోకి జరిగి మాయమైంది. చిన్నవి ఏడు వచ్చాయి. ఎనిమిదోది పెద్దది. గుహ నోరు నురగతో మూసుకుని మళ్లీ తెరుచుకుంది.

రేడియో గరగరలాడింది. ఇన్‌స్పెక్టర్ గొంతు వణుకుతోంది. "అన్నయ్యా... శవం మాట్లాడుతోంది."

"ఏమంటోంది?"

"నా హెల్మెట్ పట్టీ వదులుగా ఉందంటోంది."

నేను రాయి మీద నుదురు ఆనించాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు. రేడియోలో ఆయన వెనకాల మేనకోడలు కెప్టెన్ని తిడుతోంది. నాలుగేళ్లుగా దాచుకున్నవన్నీ ఒక్కసారే తిడుతోంది. కెప్టెన్ కీచుగొంతు మధ్యమధ్యలో వినపడుతోంది: జారి పడ్డాడట, భుజం తప్పిందట, నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయట.

"అన్నయ్యా, రాసుకోండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పదకొండూ యాభై మూడు. హత్య కేసు మూసేశాను. అమ్మాయిని విడుదల చేశాను."

"సంతోషం తమ్ముడూ. ఇక బయటికి రండి."

మేనకోడలు రేడియో తీసుకుంది. "మావయ్యా, ముగ్గురం ఎక్కితే పడవ బరువెక్కుతుంది. కెప్టెన్ తెడ్డు పట్టలేడు, వెనక బోర్లా పడుకుంటాడు. మూడు పళ్లు దాటడానికి ఎనిమిది చిన్న అలలు కావాలి. ఎన్నున్నాయి?"

నేను సముద్రం చూశాను. పన్నెండు, తొమ్మిది, ఏడు. పెద్ద గుంపు ఇప్పుడే విరిగి వెళ్లింది. లెక్కపెట్టాను. అయిదు రాగానే మళ్లీ దూరాన నల్లటి గీతలు లేచాయి. ఇంకోసారి చూశాను, అంకె మారుతుందేమోనని. మారలేదు. పోటు పెరిగే కొద్దీ అది ఇంకా తగ్గేదే గానీ పెరిగేది కాదు.

"అయిదు," అన్నాను.



"ఇద్దరికైతే ఎన్ని కావాలమ్మా?" ఇన్‌స్పెక్టర్ గొంతు. ఈసారి వణుకు లేదు.

"అయిదు చాలు చిన్న మావయ్యా. కానీ..."

"అరుగు ఎత్తెంత?"

"పోటప్పుడు దాని మీద నిలబడితే మీ భుజాల దాకా వస్తాయి నీళ్లు. నేను తిరిగి రావాలంటే..."

"వస్తావు. రాకపోతే అప్పుడు నిజంగానే అరెస్టు చేస్తాను. కెప్టెన్ గారూ, లేవండి. ముందు సీటు మీది. నోరు మూసుకుని కూర్చోండి, నా పట్టీ నేను బిగించుకోగలను." పడవ అంచుకి బరువుగా ఏదో రాసుకున్న చప్పుడు, పెద్ద మనిషి నీళ్లలోకి దిగిన చప్పుడు. తర్వాత దగ్గరగా, మెల్లగా, "అన్నయ్యా, మీ మరదలు ఫోన్ చేస్తే భోజనానికి ఆలస్యమవుతుందని చెప్పండి. ఎక్కడున్నానో మాత్రం చెప్పొద్దు."

పెద్దవి నాలుగూ వచ్చాయి. ఒకటి విరిగింది. రెండు. మూడు. నాలుగోది గుహ నోరు నిండా కొట్టి వెనక్కి తీసింది. మొదటి చిన్న అల లేచింది. నేను బొత్తాం నొక్కి పట్టుకున్నాను.

"ఒకటి," అన్నాను.